తోక మీది కన్ను

మా అక్క ఇంట్లోకి ఏ చేప రావాలన్న దాని మీద నేను వాదించినంతగా దేవుడున్నాడా లేడా అన్న దాని మీద కూడా వాదించి ఉండను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. దేవుడి సంగతిలో ఓడిపోయినవాడు సభ ముగిశాక చాయ్ తాగి ఇంటికి పోతాడు. ఈ వాదంలో ఓడిపోతే మా అక్క మాత్రలు మానేస్తుంది. మాత్రలు మానేస్తే పడిపోతుంది.

అక్కకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. మాది దంతాలపల్లి పక్కన ఒక పల్లె. ఆమె పడిపోయినప్పుడల్లా చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవాళ్ళు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలిపేవాళ్ళు. ఒకసారి మంత్రగాణ్ణి పిలిపించి ఎడమ కణత మీద కాల్చిన ఇనుముతో వాత పెట్టించారు. కదలకుండా ఆమెను పట్టుకున్నది మా బాపే. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. నేను హేతువాదినైంది పుస్తకాలు చదివి అని జనగామలో అందరూ అనుకుంటారు. పుస్తకాలు తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది ఆ కాలిన చర్మం వాసన.

పెద్దయ్యాక వరంగల్ దవాఖానలో ఒక డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. మూర్ఛ ఆగిపోయింది. అక్క పొయ్యి దగ్గర కూర్చోగలిగింది, బావి దగ్గరికి పోగలిగింది, ఒంటరిగా అంగడికి పోయి రాగలిగింది. పేరు చెప్పకుండా ఎన్ని వేదికల మీద ఆమె సంగతి చెప్పానో. మాత్ర వేసుకున్నంత కాలం జబ్బు రాదు, మానేస్తే వస్తుంది, ఇంతకంటే సూటి రుజువు మీకు ఏ గుడిలో దొరుకుతుంది అని అడిగేవాణ్ణి. కణత మీద గుండ్రటి మచ్చ మాత్రం అట్లాగే ఉండిపోయింది.

బావ పోయిన తర్వాత అక్క మానుకోటలో ఒక్కతే ఉంటోంది. నేను జనగామ నుంచి రైలెక్కి పోయి వస్తుండేవాణ్ణి. ఒకరోజు తనే అడిగింది. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు అక్కడ చేపల తొట్టి చూసిందట.

"దాన్ని చూసుకుంట కూసుంటే తలకాయల రొద ఆగుతది తమ్మీ. మనింట్ల గూడ ఒకటి వెట్టుకుందాం."

ఎంత సంతోషించానో చెప్పలేను. ముడుపూ మొక్కూ లేని కోరిక మా ఇంట్లో ఇన్నేళ్ళకు ఒకటి పుట్టింది. కానీ వెంటనే అన్నది:

"నుదురు ముందటికి పొడుచుకొచ్చిన చేప ఉంటదట గద. అది ఇంట్లుంటే మంచిగ కలిసొస్తదట."

దాని పేరు ఫ్లవర్‌హార్న్. వాస్తు చెప్పేవాళ్ళకు ఈ మధ్య అదొక సరుకు. మా ఇంట్లోకి అది రాదని అప్పటికప్పుడే తీర్పు చెప్పేశాను.

భూపాలపల్లిలో నాకొక పాత మిత్రుడున్నాడు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు మేమిద్దరం ఊరూరా తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, బాబాల గారడీలు ఇట్లా చేస్తారు చూడండి అని జనానికి చూపించినవాళ్ళం. తర్వాత అతనికి పెద్ద చేపల పిచ్చి పట్టింది. క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది, కొత్త ఇంటాయన తొట్లు వద్దన్నాడు, కావాలంటే తీసుకుపొమ్మని కబురు చేశాడు. అక్కను తీసుకుని వెళ్ళాను.

"ఆవో భాయ్! అక్కా, మంచిగున్నవా? గీ నలుగురు నా బిడ్డలు. నచ్చినోన్ని తీస్కపో."

వరండాలో వరుసగా నాలుగు అద్దాల తొట్లు. నాలుగింటిలోనూ సిక్లిడ్ కుటుంబానికి చెందిన పెద్ద చేపలే. ఒకదాన్నొకటి చూస్తే పొడుచుకుని చస్తాయని విడివిడిగా పెట్టాడు. మన చెరువుల్లో పడే తిలాపియా కూడా వీటి చుట్టమేనని చెప్పాడు.

"గట్లయితే పులుసు వెట్టుకోవచ్చా?" అన్నది అక్క.

"తోబ తోబ! అక్కా, పిల్లలు ఇంటున్నరు."

మొదటి తొట్టిలో ఫ్లవర్‌హార్న్. నుదుటి మీద నిమ్మకాయంత బుడిపె, పక్కటెముకల మీద నల్లటి మరకలు. ఆ మరకల్లో ఎవరికి కావలసిన అక్షరం వాళ్ళు చదువుకుంటారు.

"గీడు మా కాలనీకి పీర్ సాబ్ అయిండు భాయ్. షిఫ్టుకు పోయెటోళ్ళు అద్దానికి చెయ్యి ఆనిచ్చి పోతరు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నవా?"

"బాయిల దిగెటోనితోని ఏం వాదిస్తం? నువ్వు దిగుతవా?"

అక్క వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ పుట్టలేదు, మనుషులు జాతులను కలిపి తయారు చేశారు. ఆ బుడిపె అదృష్టం కాదు, కొవ్వు. పక్కన ఉన్న ప్యారెట్ చేపను చూడు, దాని నోరు పూర్తిగా మూతపడదు, అవిటితనాన్ని అందమని అమ్ముతున్నారు. మూడోది గ్రీన్ టెర్రర్, మెరుపు బాగుంది కానీ వట్టి కోపిష్టి. ఇక ఆస్కార్. దక్షిణ అమెరికా నదుల్లో దానంతట అది పుట్టి పెరిగిన జాతి. మనిషిని గుర్తుపడుతుంది, చేతిలోంచి మేత తీసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, దీనికి ఏ వాస్తువాడూ ఇంకా మహిమ అంటగట్టలేదు.

అక్క నా మాట వింటున్నట్టు లేదు. వంగి ఆస్కార్ తోక మొదటి భాగాన్ని చూస్తోంది. అక్కడ నల్లటి చుక్క, దాని చుట్టూ నిప్పు రంగు వలయం.

"దీనికెవరు వాత వెట్టిన్రు తమ్మీ?"

వాత కాదు, పుట్టుకతో వచ్చిందే అన్నాను. నాకు ఉత్సాహం వచ్చింది. అది దొంగ కన్ను అక్కా, శత్రువు దాన్నే కన్ను అనుకుంటాడు, తల అక్కడే ఉందనుకుని తోకను కొరుకుతాడు, దెబ్బ తోకకు పడుతుంది, చేప ప్రాణంతో తప్పించుకుంటుంది, ఇట్లాంటి చుక్క ఉన్నవి ఎక్కువగా బతికి పిల్లలను కన్నాయి, అట్లా జాతి అంతటికీ వచ్చింది. పరిణామ సిద్ధాంతాన్ని ఇంత తేలిగ్గా నేను ఏ సభలోనూ చెప్పలేదు.

అక్క చెయ్యి మెల్లగా తన కణత మీదికి పోయింది.

"అంటే దెబ్బ ఆడ తాకుతది, తల బతుకుతది."

"అంతే."

"గిదే తీస్కపోదాం."

గెలిచాననుకున్నాను. తిరుగు బస్సులో, మూత పెట్టిన బకెట్‌ను కాళ్ళ మధ్య పట్టుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

ఆస్కార్ మానుకోటలో బాగా కుదురుకుంది. అడుగున పరిచిన రాళ్ళను నోటితో మోసి ఒక మూలకు పోసుకునేది. అక్క అడుగుల చప్పుడుకు అద్దం దగ్గరికి వచ్చి తోక ఊపేది, నేను పోతే వెనక్కి పోయేది. నీళ్ళు మార్చిన రోజు అలిగి ఒక పక్కకు ఒరిగి పడుకునేది. "గీయనకు మీ బావ కోపం వచ్చింది" అని అక్క నవ్వేది. పొద్దున దానికి మేత వేసి, తను మాత్ర వేసుకుని, అప్పుడు చాయ్ పెట్టుకునేది. డాక్టరు కూడా మంచి అలవాటన్నాడు.

ఒకసారి వెళ్ళేసరికి పక్కింటామె తన మనవరాలిని ఎత్తుకుని తొట్టి ముందు నిలబడి ఉంది. పిల్ల మొహాన్ని అటూ ఇటూ తిప్పి ఆస్కార్ తోకకు చూపిస్తోంది.

"ఏం చేస్తున్నరమ్మా?"

"పోరికి దిష్టి తలిగింది సార్. గా తోక మీద కన్నుంది గద, దిష్టి అంత గక్కడ్నే ఆగుతదట. మీరే చెప్పిన్రంట."

"నేనా!"

"ఔ సార్. దెబ్బ తోక మీదికి గుంజుకుంటది, మనుషులను కాపాడుతది అని అక్కకు చెప్పిన్రట గద. సదువుకున్నోళ్ళు ఉత్తగ చెప్తరా?"

గంటసేపు మాట్లాడాను. చేపకు మన దిష్టితో పని లేదన్నాను. దిష్టి అనేదే లేదన్నాను. ఇద్దరూ ఎంతో మర్యాదగా విన్నారు. పక్కింటామె మధ్యలో లేచి వెళ్ళి నాకు చాయ్ తెచ్చింది. "సార్ మంచిగ చెప్తడు" అని అక్కతో అన్నది. నా జీవితంలో నాకు దక్కిన సభలన్నీ ఇట్లాంటివేనేమో అని రైలులో కూర్చున్నాక అనిపించింది. వాళ్ళు నన్ను కాదనలేదు. నన్ను నమ్మి, నేను చెప్పిన దాన్ని తీసుకుపోయి, నేను ఎవరి మీద పోరాడానో వాళ్ళ సంచిలోనే వేశారు.

ఎండాకాలంలో గాలివాన వచ్చి మానుకోటలో కరెంటు పోయింది. తొట్టిలోకి గాలి కొట్టే మోటారు ఆగిపోయింది. ఆస్కార్ పక్కకు ఒరిగి పడుకుంటే, ఎప్పటిలాగే అలిగిందనుకుని అక్క చూస్తూ కూర్చుంది. అలిగినది లేస్తుందని కూర్చుంది.

ఫోను చేసింది. "తమ్మీ, పోయింది."

ఏడుస్తుందనుకున్నాను. గొంతు తేలికగా ఉంది. ధైర్యం వచ్చింది మా అక్కకు అనుకున్నాను. జామచెట్టు కింద పాతిపెట్టానని చెప్పింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడు మాత్రల అట్టలు విప్పకుండా గూట్లో కనిపించాయి.

"ఇవేంది అక్కా?"

"ఇంకెందుకురా గోలీలు? నా గండం అది మోసింది. నేను పోవాల్సిన కాడ అది పోయింది."

"గాలి అందక చచ్చింది అక్కా. కరెంటు పోయి చచ్చింది."

"గా కరెంటు గప్పుడే ఎందుకు పోవాలె?"

"మానుకోట మొత్తానికి పోయింది! నీ ఒక్కదానికోసం పోయిందా?"

"దెబ్బ తోకకు తాకుతది, తల బతుకుతది అన్నవ్. నువ్వే అన్నవ్. గప్పుడు నిజం, గిప్పుడు అబద్ధమా?"

అరిచాను. ఆమె కణత మీది మచ్చను చూపించి అరిచాను. ఇది పెట్టినవాడు కూడా నీ గండం పోయిందనే చెప్పాడు, పోయిందా అని అడిగాను. నా నోరు మూయించడానికి అక్క ఒక మాత్ర తీసి నా ముందే వేసుకుంది. సరే తమ్మీ, వేసుకుంట పో, అన్నది. నేను నమ్మి రైలెక్కాను. ఎవరి మాటనూ రుజువు లేకుండా నమ్మొద్దని ఊరూరా చెప్పినవాణ్ణి.

కొద్ది రోజులకే అక్క వంటింట్లో పడిపోయింది. తల గట్టుకు కొట్టుకుంది. పక్కింటామె చూసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. నేను చేరేసరికి అక్క చేతిలో తాళంచెవులు ఉన్నాయి. పక్కింటామె పెట్టిందట. ఆమెను ఏమీ అనలేకపోయాను. ఆమె లేకపోతే అక్క లేదు.

అక్కకు మాట ముద్దగా వస్తోంది. కుడి చెయ్యికి పట్టు పోయింది. ఇక ఒక్క పూట కూడా మాత్ర తప్పకూడదని డాక్టరు చెప్పాడు. అక్క నోరు బిగించుకుంది. గండం తిరిగొచ్చింది, మళ్ళ చేప తెమ్మని సైగలతో, సగం మాటలతో చెప్పింది. ఈసారి నుదురు చేప. అది తింటే నేను గోలి మింగుతా. అది తినకపోతే లేదు.

మళ్ళీ ఎంపిక. భూపాలపల్లి మిత్రుడికి ఫోను చేసి, ఆస్కారా, ఫ్లవర్‌హార్నా, గ్రీన్ టెర్రరా, ఏది ఎక్కువ కాలం బతుకుతుందని అడిగాను. ఇంకో ప్రశ్న నాకు మిగల్లేదు. బుడిపె కొవ్వా, అదృష్టమా? ఏ నదిలో పుట్టింది? అవన్నీ ఎవరికోసం?

"మంచిగ చూస్కుంటే ఏదైనా ఏండ్లు బతుకుతది భాయ్. చూస్కోకపోతే ఏదీ బతకది. అక్క ఏదడుగుతుంది?"

చెప్పాను. అవతల నవ్వు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు.

"చిట్యాలల మా చుట్టాలకిచ్చిన దాన్ని. రేపు తెచ్చిస్త. వాదనలు తర్వాత చేద్దువు గని. ముందు అక్కను గోలి మింగనీ."

ఆస్కార్ తొట్టిలోనే ఫ్లవర్‌హార్న్‌ను వదిలాము. నేను జనగామ ఇంటికి తాళం వేసి మానుకోటకు వచ్చేశాను. మోటారుకు బ్యాటరీ పెట్టించాను. పొద్దున్నే నేను మేత గుళికలు వేస్తాను, అది గబుక్కున మింగుతుంది, అక్క మాత్ర వేసుకుంటుంది. పక్కింటామె వచ్చి అద్దానికి చెయ్యి ఆనిచ్చి పోతుంది. చూస్తూ ఊరుకుంటాను.

నిన్న నీళ్ళు మార్చాను. ఈ పొద్దు అది మూలకు పోయి నిలబడింది. వేసిన గుళికలు తడిసి అడుక్కు దిగిపోయాయి. మళ్ళీ వేశాను. అవీ దిగిపోయాయి. ఇవి కూడా అప్పుడప్పుడు అలుగుతాయి, ఒకటి రెండు రోజులు తినకపోయినా ఏమీ కాదు. చేపకు ఏమీ కాదు.

"అక్కా, వేసుకో. అది తర్వాత తింటది."

తల అడ్డంగా ఊపింది. ఎడమ అరచేతిలో మాత్ర. చెమటకు తడిసి మాత్ర రంగు చేతికి అంటుతోంది.

తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెయ్యి నీళ్ళలో పెట్టి, రెండు వేళ్ళ మధ్య గుళిక పట్టుకున్నాను. చేప నా వైపు తిరిగింది. అంత పెద్ద నుదురు. కొవ్వు. కొవ్వే.

"తిను," అన్నాను. "జర తిను."

వెనక అక్క మాత్ర పట్టుకుని చూస్తోంది. చేప దగ్గరకు వచ్చి, నా వేళ్ళను చూసి, మళ్ళీ మూలకు తిరిగిపోయింది. నేను చెయ్యి తీయలేదు.