శాయమ్మ నా కోసం చేసిన ప్రార్థన

పొద్దున లక్సెట్టిపేట రేవుల పడవెక్కి గోదావరి అవతలి ఊరికి పోయిన. అక్కడ శాయమ్మ అనే ముసలామె జ్వరంతోని నెల రోజుల సంది మంచం పట్టి ఉన్నది. ఆమె కోసం ప్రార్థన చేసి రావాలని పోయిన. పాస్టరుగా పన్నెండేండ్ల సంది నా పని అదే. నది మీద మంచు ఎంత దట్టంగ ఉన్నదంటే, పడవ కదులుతున్నదో ఆగిందో తెలువలే. నిద్రల ఎటో పోతున్నట్టే అనిపించింది.

ఆమె మంచం పక్కన మోకాళ్లూని కండ్లు మూసుకున్న. మాటలు రాలే. నా భార్య చనిపోయి మూడు నెలలైంది. అప్పటి సంది చర్చిల కూడా అలవాటైన ప్రార్థనలే అప్పజెప్తున్న. ఇయ్యాల అవి సుత నోటికి రాలే. సిగ్గుతోని తల వంచుకున్న.

"ఏమైంది అయ్యగారూ?" అని శాయమ్మ అడిగింది.

"నాతోని అయితలేదు అవ్వా" అన్న.

"మనతోని ఏడైతది? ఆయన్నే అడగాలె" అని, చెయ్యి నా తల మీద పెట్టింది. "తండ్రీ, ఈ అయ్యగారు శాన అలిసిండు. జర ఎత్తుకో."

అక్షరం రాని ఆమె చేసిన ప్రార్థన అంతే. మూడు నెలల సంది ఆగిన ఏడుపు నాకు అప్పుడొచ్చింది. చాయ్ తెచ్చిన ఆమె కోడలు గుమ్మంలనే నిలబడిపోయింది.

ఇంటికొచ్చినంక యాదికొచ్చింది, ఆమె జ్వరం గురించి నేను ఒక్క మాట సుత ప్రార్థించలే. రేపు మళ్ల పోవాలె. మీరెప్పుడన్న ఒకరికి ఇయ్యబోయి, మీరే తీసుకొని వచ్చిండ్రా?