మాస్టారి నోట్‌బుక్‌లో దిద్దని తప్పు

కోటబొమ్మాళిలో మా లైబ్రరీ మాస్టారు పోయారని మొన్న కబురొచ్చింది. పదో తరగతితో చదువాగిన దాన్ని, ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. ఆయన నాలుగేళ్లపాటు అడిగిన ప్రశ్నకు నేను నిజం చెప్పలేదు. అందుకే ఇప్పుడు కలం పట్టాను.

నాలుగైదేళ్ల కిందట ఒకనాడు ఫోన్లో ఒక ప్రసంగం వింటున్నాను. మనకు తెలిసిందేదైనా తప్పు కావచ్చు అనుకోవడం ఫాలిబిలిజమట. ఆలోచన విలువ ఆచరణలో తేలాలనడం ప్రాగ్మాటిజమట. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. మర్నాడే లైబ్రరీకి పరుగెత్తాను.

"నాలాంటిదానికి అర్థమయ్యే పుస్తకం ఉందా బాబూ?"

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మూడు లావు పుస్తకాలు దించి, తిరగేసి, మళ్లీ పైన పెట్టేశారు. "ఇవి ఆకర్న సదవాలమ్మా. మొదట సదివేది నేనే రాసిస్తాను, ఆగు."

నెల తిరిగేసరికి నోట్‌బుక్ ఇచ్చారు. అంతా పెన్సిలు రాతే. అట్టకు దారంతో రబ్బరు కట్టి ఉంది. "పెన్నుతో రాస్తే నాకు పొగరొస్తాది. తప్పుంటే నువ్వే దిద్దు."

పేజీ తర్వాత పేజీ ఆగకుండా చదివాను. ఆ వెనకే భయం పట్టుకుంది.

"అన్నీ తప్పు కావచ్చంటే, నా దేవుడు కూడానా బాబూ?"

"మీ ఇంటాయన విత్తనాలు తడిగుడ్డలో కట్టి మొలక సూస్తాడా?"

"చూస్తారు."

"ఏ విత్తనాలు? జల్లుదామనుకున్నవే గదా. పారేసేదాన్ని ఎవుడు సూస్తాడు?"

ఆ సాయంత్రం ఇల్లు చేరిందే తెలియలేదు. రోజూలాగే దేవుడికి దీపం పెట్టాను.

తర్వాత ఆ మాటే నోట్‌బుక్ చివర రాసిచ్చారు. కింద, "రెండు రోజుల్లో మొలవకపోతే విత్తనం చచ్చినట్టే" అని ఉంది. అది తప్పు. చలికాలంలో నాలుగైదు రోజులు పడుతుంది. ఆ మాట నమ్మితే మంచి విత్తనం పారబోస్తాం.

వెళ్లినప్పుడల్లా అడిగేవారు. "ఏటమ్మా, తప్పు దొరికినాదా?"

"లేదు బాబూ."

"అయితే ఇంకా సరిగ్గా సదవలేదన్నమాట."

గురువును దిద్దడమేమిటని ఊరుకున్నాను. ఆయన ముఖం కొంచెం చిన్నబోయేది. అలా అబద్ధం చెప్పడం కూడా మర్యాదే అనుకున్నాను.

ఈ ఉదయం పూజయ్యాక ఆ పేజీ తీశాను. ఆయన కట్టిన రబ్బరుతోనే ఆ రెండు రోజుల మాట చెరిపి, "చలికాలమైతే ఐదు రోజులు చూడాలి" అని పెన్సిలుతో రాశాను. దొరికింది బాబూ.

ఈ కాగితాలు ఎవరి చేతికొస్తే వారు ఆ నోట్‌బుక్‌లోనే దాచండి, నలుగురికీ చూపించకండి. పేజీ మడతలో రబ్బరు పొడి ఉంటుంది. దులపకండి.