టైలర్ ఊఁ కొట్టిన పుస్తకం

ఈ టైలర్ మాస్టర్‌ని తిట్టుకోని మనిషి ఆ వీధిలో లేడు. చొక్కాకి గుడ్డ ఇచ్చినవాడు లావెక్కి, ఆ గుడ్డ చాలకుండా పోయేదాకా కుట్టడని ఆయనకి పేరు. గురువారం ఇస్తానంటాడు. ఏ గురువారమో చెప్పడు. వెళ్ళి నిలదీస్తే "అయిపోయిందండీ, గుండీలే తరవాయి" అంటాడు. తలెత్తి చూస్తే మనం ఇచ్చిన గుడ్డ మడత కూడా విప్పకుండా అలమరలో కూర్చుని ఉంటుంది. అరచేతిలో వైకుంఠం చూపించడంలో ఆయనకి ఆయనే సాటి. అయినా జనం ఇంకో కొట్టుకి పోరు. ఆయన కుట్టిన భుజం భుజంలా ఉంటుంది, అదొకటి. రెండోది, ఆయన వింటాడు. కొలతలకి వచ్చినవాళ్ళు ఇంట్లో గొడవలన్నీ ఏకరువు పెడుతుంటే, కత్తెర ఆడిస్తూనే "ఊఁ" అంటాడు, "ఆఁ?" అంటాడు, "అయ్యయ్యో" అంటాడు. చెప్పుకున్నవాళ్ళు గుండె బరువు దించుకుని, చొక్కా సంగతి మర్చిపోయి వెళ్ళిపోతారు.

ఈ అలవాటు ఆయనకి చేసింది కూతురే. పుట్టుకతోనే చూపు లేని పిల్ల. మిషను పక్కన గుడ్డపీలికల మూట మీద ఎక్కి కూర్చుని, బళ్ళో విన్న కథలన్నీ తండ్రికి చెప్పేది. చూపున్న పిల్లలకైతే తండ్రి తల ఊపితే చాలు. ఈ పిల్లకి తల ఊపితే ఏం తెలుస్తుంది? ఆయన పనిలో పడి కాసేపు ఊరుకుంటే, కథ ఆపేసి "నాన్నా, ఉన్నావా?" అని అడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి గుండె కలుక్కుమనేది. అందుకని చేతులు ఏ పనిలో ఉన్నా నోరు మాత్రం ఊఁ కొట్టడం మానలేదు. కథలయ్యాక లెక్కలకీ, లెక్కలయ్యాక చరిత్రకీ ఊఁ కొట్టాడు. అయిదో తరగతి గడప దాటని మనిషి, అలా ఊఁ కొట్టుకుంటూనే కూతురి వెంట డిగ్రీ దాకా నడిచాడు.

ఆ పిల్ల తత్వశాస్త్రం ఎమ్మేలో చేరింది. చేరాక తగిలింది అసలైన కొరకరాని కొయ్య. ఒక పరీక్ష మొత్తం ఒకే పుస్తకం మీద. తెలుగులోకి తెచ్చిన పుస్తకమే గానీ, వాక్యం ఈ పేజీలో మొదలైతే క్రియ తరవాతి పేజీలో ఉంటుంది. కంప్యూటరు చదివి వినిపిస్తుంది నిజమే, కానీ దాని గొంతుకి కామా అయినా కన్నీరైనా ఒకటే. మొదటిసారి పరీక్ష పోయింది. రెండోసారి పోతే సీటే పోతుందని కాలేజీవాళ్ళు ముందే చెప్పేశారు.

"అసలేం రాశాడే అందులో?" అని తల్లి అడిగింది. ఆవిడ మాట మొగుడి కత్తెర కన్నా పదును.

"మనకి ఏదైనా తెలుసంటే, అది ఎలా తెలుసని అడుగుతాడమ్మా."

"అంత ఖాళీగా ఉన్నాడా మహానుభావుడు!"

కూతురు నవ్వేసింది. "చూపు లేనిదాన్ని నేనొక్కదాన్నే కాదులే. చూపున్నవాళ్ళు కూడా ఆ పుస్తకంలోకి గుడ్డెద్దు చేలో పడ్డట్టే పడతారు."

టైలర్ నవ్వలేదు. పరీక్ష పోయిన రోజు ఆ పిల్ల దారి వెతుక్కునే కర్ర మూల పెట్టేసి, అన్నం వద్దని పడుకోవడం ఆయన కళ్ళల్లోంచి పోలేదు. తను చదివి పెడదామంటే గుండీల డబ్బా మీద పేరు చదవడానికే కూడబలుక్కోవాలి. ఇలా కొట్టుమిట్టాడుతున్న సమయంలో మందుల షాపు ఆవిడ తన జాకెట్టు కోసం కొట్టుకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అయిపోయిందమ్మా, హుక్కులే తరవాయి," అన్నాడు టైలర్. అన్నాక ఏమనిపించిందో, సొరుగులోంచి కూతురి పుస్తకం తీశాడు. "నేను హుక్కులు కుట్టేలోపల ఇందులో ఒక్క పేజీ పైకి చదివి పెట్టవా తల్లీ? మా అమ్మాయికి ఫోన్‌లో రికార్డు పట్టి పెడతాను."

అలా మొదలైంది. జాకెట్టు కోసం వచ్చిన మనిషి నాలుగు పేజీలు చదివి, జాకెట్టు లేకుండానే వెళ్ళింది. వెళ్ళి ఊరుకుందా, మందులకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియో ఆయన ప్యాంటు తొడిగి చూసుకోవడానికి చిన్న గదిలోకి వెళ్ళి, లోపల్నుంచే కేకేశాడు: "మాస్టర్, రికార్డింగుకి ఈ గది నా స్టూడియో కన్నా నయం! చుట్టూ కోట్లు వేలాడదీశారు కదా, మాట గోడకి తగిలి తిరిగి రావడం లేదు." పెళ్ళి వీడియోలకి వాడే మైకు తెచ్చి కోటు హేంగరుకి తగిలించాడు. ఒకప్పుడు పాత బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలిచే ఆవిడ ఉంది. కంప్యూటరు గొంతు వచ్చాక ఈవిడ పని పోయి ఇంట్లో కూర్చుంది. ఆవిడ తనంత తానే వచ్చి, "నా గొంతు తుప్పు పడుతోంది అన్నయ్యా, నాకూ నాలుగు పేజీలు ఇవ్వు," అంది. ఇచ్చారు. జ్ఞానం మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టు చదివింది. మందుల షాపు ఆవిడ చదివితే ప్రతి వాక్యం భోజనం తర్వాత వేసుకోమన్నట్టుండేది. నవ్వుకున్నారే గానీ ఎవరూ మానలేదు. గుడ్డలు ఇవ్వనివాళ్ళు కూడా చదవడానికి రావడం మొదలుపెట్టారు.

చదివేవాళ్ళు లోపల, కర్టెన్ ఇవతల స్టూలు మీద టైలర్. మిషను చప్పుడు చేస్తుందని చేత్తో కుట్టుకుంటూ, తెలియకుండానే ఊఁ కొట్టేవాడు. అర్థం కాకపోతే "ఆఁ?" అనేవాడు. ఆయన ఆఁ అంటే చదివేవాళ్ళు ఆగి, అదే వాక్యం మళ్ళీ నింపాదిగా చదివేవాళ్ళు. అప్పటికీ ఆఁ అంటే "అంటే ఏం లేదు మాస్టర్..." అని తమకి తోచింది చెప్పేవాళ్ళు. అదంతా మైకులో పడింది. ఏ పూటకాపూట అమ్మాయి అది విని, మర్నాటికి ఇంకొంచెం తెమ్మనేది.

సగం పుస్తకం అయ్యేసరికి ప్యాంటు నడుం వదులు చేయించుకోవడానికి ఒక రిటైరైన లెక్చరర్ గారు వచ్చారు. పుస్తకం పేరు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. దాన్నే ఆయన కాలేజీలో చెప్పేవారు. చివరి అధ్యాయం నేనే చదువుతానన్నారు, అప్పటిదాకా చేసింది వినిపించమన్నారు. విన్నారు. వెలిగిన ముఖం కాస్తా వాడిపోయింది.

"మధ్యలో ఆ ఊఁ ఏమిటండీ? ఇది పుస్తకమా, రచ్చబండా? రేపు ఇంకెవరైనా వింటే నవ్వరూ?"

టైలర్‌కి తల కొట్టేసినట్టయింది. అందరూ ఇంత కష్టపడి చేస్తుంటే మధ్యలో తన చదువులేని నోరు దూరి చెడగొట్టిందనుకున్నాడు. "తీసేయండి బాబూ, మొత్తం తీసేయండి," అని స్టూడియో ఆయన్ని బతిమాలాడు. ఆయన కూర్చుని, ఒక్కొక్క ఊఁ, ఒక్కొక్క ఆఁ, వాటి వెనకాల వచ్చిన కబుర్లు, అన్నీ శుభ్రంగా కోసేశాడు. ఆ తర్వాతి పేజీలు చదువుతున్నప్పుడు టైలర్ పెదాల మధ్య గుండుసూదులు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. సూదులుంటే నోరు ఊరుకుంటుంది కదా.

పుస్తకం పూర్తయింది. అందరూ కొట్టు ముందు చేరి, ఫోన్‌లోని పాత ముక్కలు చెరిపి పుస్తకం మొత్తం అందులో ఎక్కించి, అమ్మాయి చేతిలో పెట్టారు. అమ్మాయి ఒక్కొక్కరి చెయ్యీ వెతికి పట్టుకుని దణ్ణం పెట్టుకుంది. అప్పటినుంచి తండ్రి "ఎంతవరకు వచ్చింది తల్లీ?" అంటే, "వింటున్నాను నాన్నా," అనేది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

దాచలేకపోయింది తల్లే. "ఏం వినడమండీ? తలుపు వెనకాల రోజూ ఒకటే వాక్యం మోగుతోంది. నాకే కంఠతా వచ్చేసింది, దానికి ఎక్కడం లేదు. నిన్న చూస్తే కర్ర మళ్ళీ మూల పెట్టేసింది," అంది.

టైలర్ చేతిలో పని అక్కడే వదిలేసి కొట్టు వెనకున్న ఇంట్లోకి వెళ్ళాడు. కూతురు చెవుల్లోంచి తీగలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, "ఈసారీ పోతుందా అమ్మలూ?" అని అడిగాడు.

ఆ పిల్ల తీగలు వేలికి చుట్టుకుంది. తర్వాత అంది: "అందరూ అంత ప్రేమగా చదివి పెడితే బాగోలేదని ఏ నోటితో చెప్పను నాన్నా? మొదట్లో నువ్వు పట్టి తెచ్చినవి బాగా అర్థమయ్యాయి. నాకు ఎక్కడ తెలియలేదో సరిగ్గా అక్కడే నువ్వు ఆఁ అనేవాడివి. వాళ్ళు ఆగి మళ్ళీ చెప్పేవాళ్ళు. నువ్వు ఊఁ అంటే, సరే, ఇక్కడిదాకా వచ్చాం అనిపించేది. ఇప్పుడు ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు, ఊరికే చదువుకుంటూ పోతున్నారు. నువ్వు అక్కడ లేవు."

ఆయనకి కళ్ళు నిండిపోయాయి. చదువులేని తండ్రిగా తను ఇవ్వగలిగింది ఏమీ లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇచ్చింది ఒకే ఒకటి, దాన్నే చేతులారా కోయించేశాడు.

స్టూడియోకి పరిగెత్తాడు. కోసేసినవి ఉన్నాయో లేవో అని గుమ్మంలోంచే అడిగాడు. స్టూడియో ఆయన నింపాదిగా అన్నాడు: "నేను ఏదీ పారెయ్యను మాస్టర్. పెళ్ళి వీడియోలో మేనత్తని కోసేస్తే, పదేళ్ళకైనా వచ్చి నేనేదీ అని అడుగుతుంది. మీ ఊఁలన్నీ ఉన్నాయి, భద్రంగా." మొదటి సగం అలా బతికింది. రెండో సగంలో మాత్రం టైలర్ నోట్లో సూదులున్నాయి. అది మళ్ళీ చదవాల్సిందే, పరీక్ష చూస్తే నెత్తి మీదికి వచ్చేసింది. పైగా లెక్చరర్ గారికి ఈ సంగతి చెప్పాలి. పెద్దమనిషికి కోపం వస్తుందేమోనని భయపడుతూనే వెళ్ళి, అమ్మాయి అన్న మాటలు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన చివరిదాకా విన్నారు. మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపులు తీసేసరికి పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"కర్టెన్ తీసెయ్యండి. ఎదురుగా కూర్చోండి. ఆ సూదులు డబ్బాలో వెయ్యండి," అన్నారు.

చదవడం మొదలుపెట్టారు. టైలర్ సూదులున్నప్పటి అలవాటుగా పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. పెద్దాయన రెండు పేజీలు చదివి, ఆగి, కళ్ళజోడు మీంచి చూశారు.

"మాస్టర్ గారూ, ఉన్నారా?"

ఆ మాట మరొకరి నోట వినడం టైలర్‌కి అదే మొదటిసారి. "ఊఁ," అన్నాడు. అక్కడినుంచి బండి కదిలింది. ఒకచోట "ఆఁ?" అన్నాడు. లెక్చరర్ గారు మళ్ళీ చదివారు. మళ్ళీ ఆఁ అన్నాడు. ఆయన పుస్తకం మూసి అద్దం వైపు చూపించారు. "అందులో కోటు కనిపిస్తోందా? కోటు కనిపిస్తోందంటాం గానీ, అద్దం కనిపిస్తోందని అనం. మనసు కూడా అలాంటి అద్దమేనంటాడు ఈయన. మరి అద్దాన్ని చూసేదెలా అని అడుగుతాడు." టైలర్ సూది పక్కన పెట్టి, ఆలోచించి, గట్టిగా "ఊఁ!" అన్నాడు. పెద్దాయన పకపకా నవ్వారు. "నా క్లాసులో అందరూ తలలూపారండీ. ఒక్కడైనా ఆఁ అని ఉంటే నేను ఎంత బాగా చెప్పేవాణ్ణో! మీ రుణం ఎలా తీర్చుకోను?" అన్నారు.

ఆ తర్వాత మందుల షాపు ఆవిడ వచ్చింది, బస్సుల ఆవిడ వచ్చింది, చదివినవాళ్ళందరూ మళ్ళీ వచ్చారు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు బయట బల్ల మీద తమ వంతు కోసం కూర్చున్నారు. చదివింది చదివినట్టు ఇంట్లో అమ్మాయి గదిలోకి పోయేది. లోపల్నుంచి అమ్మాయి కూడా అప్పుడప్పుడు "ఊఁ" అనడం తల్లి విని, ఇవతలికి వచ్చి కళ్ళు తుడుచుకునేది.

అమ్మాయి పాసయింది. తండ్రి ఆ మాట విని మిషను మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత చదివినవాళ్ళందరినీ పిలిచి, వద్దన్నా వినకుండా కొలతలు తీసుకున్నాడు. గురువారం ఇస్తానన్నాడు. గురువారం పొద్దున్నే, గుండీలతో సహా, ఇస్త్రీ చేసి ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చాడు. వీధంతా హడలిపోయింది. మందుల షాపు ఆవిడైతే, "ఒంట్లో బాగానే ఉందా మాస్టర్?" అని నాడి చూసింది.

రికార్డు చేసిన ఆ పుస్తకాన్ని కాలేజీవాళ్ళు తీసుకుని, చూపులేని విద్యార్థులకి ఎక్కడెక్కడికో పంపారు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం కొట్టులో ఫోను మోగింది. టైలర్ భుజంతో ఫోను నొక్కిపట్టుకుని కాలరు కుడుతున్నాడు. అవతల ఎవరో కుర్రవాడి గొంతు, దూరంనుంచి.

"మీ నంబరు స్టూడియో ఆయన ఇచ్చారండీ, వాళ్ళ నంబరు రికార్డింగు చివర ఉంది. నాకూ చూపు లేదు. హాస్టల్లో ఒక్కణ్ణే ఉంటాను. ఆ పుస్తకం ఎన్నోసార్లు మొదలుపెట్టి మానేశాను. ఈసారి మీరందరూ చదివింది విన్నాను. మధ్యలో ఒకాయన ఊఁ అంటుంటారు చూడండి, గదిలో నా పక్కన ఇంకో మనిషి కూర్చుని వింటున్నట్టుండేది. ఆయనకి అర్థం కాకపోతే నాకు ధైర్యం వచ్చేది. ఆయనకి అర్థమైతే నాకూ అయ్యేది. చివరిదాకా వచ్చేశానండీ. ఆయనకి ఒక్కసారి థాంక్స్ చెప్పాలని..."

టైలర్ చేతిలో సూది ఆగిపోయింది. సూది గుడ్డలో గుచ్చేసి, ఫోను చేత్తో పట్టుకుని చెవికి నొక్కుకున్నాడు. అవతల గొంతు జంకుతూ అడిగింది.

"హలో... ఉన్నారాండీ?"

"ఊఁ," అన్నాడు టైలర్.

అవతల ఆ కుర్రవాడు, "మీరేనా!" అని అరిచాడు.