వడ్డీకి రాస్తారోకో లేదు

కోరుట్ల దగ్గర మా జగిత్యాల బస్సు ఆగిపోయింది. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ముందూ వెనకా లారీలు. దిగి నడిచినా సాయంత్రంలోపు జగిత్యాల చేరేది లేదు.

నేను మాత్రం నిశ్చింతగా ఉన్నాను. క్రెడిట్ కార్డు మీద కొన్న ఫ్రిజ్ చల్లబడటం లేదని దుకాణానికి తిప్పి పంపాను. డబ్బు కార్డులోకి వాపసు వచ్చినట్టు అప్పుడే మెసేజ్ వచ్చింది.

"ఇగ బిల్లు కట్టే పని లేదక్కా," అన్నాను, పక్క సీటులో బురఖా వేసుకున్నావిడతో. సిరిసిల్లలో బిడ్డ ఇంటికి పోతోందట.

"బిల్లు అచ్చినంక వాపస్ అచ్చిందా, ముందా?"

"అచ్చినంకనే."

"అయితే కట్టాలె చెల్లె. గా వాపస్ పైసలు అచ్చే నెల బిల్లుల కలుస్తయి. నేను గూడ గట్లనే అనుకొని కూసున్న. మొత్తం బిల్లు మీద వడ్డీ ఏసిండ్రు. ఆఖరు తారీఖు ఎప్పుడు?"

ఆ రోజే. బ్యాంకేమో జగిత్యాలలో ఉంది.

"రోడ్లే బందున్నయి గదా, ఒక్కరోజు ఆగరా?" కోపంగా అన్నాను.

"రాస్తారోకో బస్సుకే. వడ్డీకి గాదు."

కిటికీలోంచి ఎవరో విస్తరాకులో వేడి అన్నం అందించారు. ఆమె దాన్ని నా ఒళ్లో పెట్టింది.

"తిను. ఆకలికి గూడ లేదు రాస్తారోకో."

తర్వాతి బిల్లులో ఫ్రిజ్ డబ్బు జమైంది. దాని కిందే వడ్డీ. ఎవరిని తిట్టాలో తోచలేదు. రోడ్డు ఆపినవాళ్లే అన్నం కూడా పెట్టారు మరి.