కార్డులో మొదటి ఫోటో

పెళ్ళి ఆల్బమ్‌లో మొదటి బొమ్మ వినాయకుడిది ఉండాలని అందరూ అడుగుతారు. మా ఆయన కెమెరా కార్డులో మాత్రం ఏ పెళ్ళిదైనా మొదటి ఫోటో ఆయన ఎడమ అరచేయే. పంతులుగారు ఇంకా సామాను సర్దుకుంటూ ఉండగానే పీటల దగ్గర నిలబడి, చేయి చాపి, దానికొక ఫోటో తీసుకునేవారు. చూసినవాళ్ళు అదొక సెంటిమెంటు అనుకునేవారు. ఆయన హస్తవాసి మంచిదని, అందుకే ముందు చేతిని తీసుకుంటారని ముదినేపల్లిలో ఒకావిడ నాకే చెప్పింది. నేను కాదనలేదు. మంచిపేరు ఊరికే వస్తుంటే వద్దనడం దేనికి?

నిజానికి అది హస్తవాసీ కాదు, పాడూ కాదు. ఇప్పటి కల్యాణ మండపాల్లో ఒక్క రంగు దీపాలు ఉండవు. వేదిక మీద ఊదా, గోడల మీద ఆకుపచ్చ, వీడియో వాళ్ళది తెల్లటి వెలుగు, ఇవన్నీ కలిసి పెళ్ళికూతురి మొహం మీద పడతాయి. ఏ రంగు నిజమో కెమెరాకి తెలియదు. ఆయనకి మాత్రం తన చేతి రంగు తెలుసు. కంప్యూటర్లో ముందు ఆ చేతి రంగు సరిచేసుకుంటే, అదే సవరింపుతో మొహాలూ పట్టుచీరలూ వాటంతట అవే కుదురుకుంటాయని ఆయన లెక్క. ఈ పని కోసం బూడిదరంగు అట్ట ఒకటి అమ్ముతారు. కొన్నారు కూడా. ఏదో పెళ్ళిలో అది పోయింది. మళ్ళీ కొనుక్కోమంటే, "అట్టయితే పోతుంది, చేయి ఎక్కడికి పోతుంది?" అన్నారు.

మాది తాడేపల్లిగూడెంలో చిన్న స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. మాకు వచ్చే పెళ్ళిళ్ళు ఎక్కువగా కొల్లేటి వైపువే. ఆకివీడు, మండవల్లి, ముదినేపల్లి, అటు చేపల చెరువులవాళ్ళు, ఇటు వరిచేలవాళ్ళు. ఫోటోలు తీయడం ఆయనది, ఆల్బమ్‌లో పేజీలు సర్దడం నాది. మేనమామ ఫోటో చిన్నదైందనీ, ఆడపడుచుని మూలకి తోసేశారనీ వచ్చే పేచీలన్నీ నా నెత్తిన పడేవి. రా ఫైళ్ళు తెరిచి రంగులు సరిచేసే పని మాత్రం ఆయన ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. అసలు రా అంటే ఏమిటని ఒకసారి అడిగితే, మామూలు ఫోటో అన్నం అన్నారు. కెమెరా వండేసి ఇస్తుంది, మాడినా చిమిడినా తినాల్సిందే. రా ఫైలంటే బియ్యం, ఎసరు మనిష్టం. కెమెరా కంటికి ఆ క్షణాన ఏది పడిందో అదంతా అందులో అలాగే ఉంటుందట, మనం పైన ఏం మార్చినా అడుగునున్నది చెక్కు చెదరదట. నేను బియ్యం వరకూ విని, పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి పైకి వెళ్ళిపోయాను.

ఆయనకి పచ్చకామెర్లని మాకు తెలిసింది ఆషాఢంలో. పెళ్ళిళ్ళు లేక ఇంటిపట్టున ఉండి, పగటి వెలుతురులో కాఫీ తాగుతుంటే ఆయన కళ్ళు పచ్చగా కనిపించాయి. అత్తయ్యగారు కంగారుపడి ముదినేపల్లి వైపు ఎక్కడో పసరు పోయించారు. ఉప్పూ నూనే మానిపించి పథ్యం పెట్టారు. తగ్గకపోగా మనిషి నీరసించిపోయాడు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తే లోపల గడ్డ ఉందన్నారు. అది పైత్యరసం దారి మూసేసిందట, ఇలాంటి కామెర్లకి మొదట్లో నొప్పి కూడా ఉండదట. ఒళ్ళు పచ్చబడ్డం చాలా ముందే మొదలై ఉంటుంది, ఇంట్లో ఎవరూ చూడలేదా అండీ, అని డాక్టరుగారు మెల్లగానే అడిగారు. ముందే వచ్చి ఉంటే ఏమన్నా చేయగలిగేవాళ్ళమేమో అన్నారు. ఆ 'ఏమో'ని పట్టుకునే నేను ఇప్పటికీ తిరుగుతున్నాను. శ్రావణమాసం వచ్చింది, అందరిళ్ళలో పెళ్ళి మేళాలు మోగాయి, మా ఇంట్లో మనిషి పోయాడు.

ఊరందరి ఫోటోలూ తీసిన మనిషికి పెద్దకర్మ రోజున పెట్టడానికి సరైన ఫోటో లేదు. దీపం కిందే చీకటి. ఎవరిదో పెళ్ళిలో, గుంపు వెనక, భుజాన సంచీతో నిలబడ్డ ఫోటో ఒకటి దొరికితే దాంట్లోంచి మొహం వరకూ కత్తిరించాను.

ఆ రోజు చుట్టాలంతా వెళ్ళాక అత్తయ్యగారు నా ఎదురుగా కూర్చుని అడిగారు. "రంగులు చూసే పని కదమ్మా వాడిది. వాడికి తెలియలేదా? పక్కనే ఉన్నావు, నీకు తెలియలేదా?"

గట్టిగా అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మా వైపు మాటలు మెత్తగానే ఉంటాయి, దిగాల్సిన చోటికి అవే దిగుతాయి. ఆ తర్వాత ఆవిడ ఆ మాట అన్నం దగ్గర అడిగేవారు, పూజ దగ్గర అడిగేవారు, బట్టలు మడతపెడుతూ అడిగేవారు. మొదటి సగానికి నా దగ్గర జవాబు లేదు. రెండో సగానికి ఉంది కానీ, అది చెప్పినా ఎవరికీ రుచించే జవాబు కాదు.

అదేమిటంటే, నేను చూశాను. వైశాఖం చివర్లో ఆయన చేతులు పచ్చగా ఉండడం చూశాను. పెళ్ళిళ్ళ రోజుల్లో మా ఇంట్లో పచ్చగా ఉండనిదేమిటి? మంగళస్నానాల్లో పసుపునీళ్ళు చల్లుకుంటారు, ఫోటోగ్రాఫరు మీద చల్లకపోతే వాళ్ళకి సరదా తీరదు. జేబుల్లో తలంబ్రాలు, కాలరు మీద మరకలు. సబ్బు తగలగానే ఆ మరకలు ఎర్రబడేవి, అంటే పసుపేనన్నమాట. చొక్కా మీదున్నది పసుపైనప్పుడు చేతికున్నది ఇంకేమవుతుంది? "చేతులు కడుక్కున్నారా?" అని అడిగేదాన్ని. కడుక్కున్నానే అనేవారు. మా పెళ్ళైన నాటినుంచీ వింటున్న మాటే అది.

కార్తీకంలో మండవల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన చేసిన ఆఖరి పెళ్ళి వాళ్ళది, జ్యేష్ఠంలో. పెళ్ళికూతురి తల్లి చాలాసేపు నా గురించే అడిగి, తొందరేం లేదండీ అని మూడు రకాలుగా చెప్పి, ఆఖరికి ఆల్బమ్ మాట తెచ్చింది. ఏడాది తిరగని ఇంటి నుంచి శుభకార్యం ఆల్బమ్ తీసుకోవడానికి మనసొప్పదేమో, కార్డులు ఇచ్చేస్తాను, ఇంకెవరితోనైనా చేయించుకోండి అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఆకివీడులో తన చెల్లెలి కూతురి పెళ్ళికి, వైశాఖంలో, ఆయన చేసిన ఆల్బమ్ ఉందట. అచ్చం ఆ రంగులే రావాలట, అవి ఇంకొకరి వల్ల కాదట. నావల్ల అవుతుందని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియో షట్టర్ సగం ఎత్తి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బయట ముసురు. మండవల్లి పెళ్ళి రా ఫైళ్ళు తెరిచాను. మొదటి ఫోటోలో అరచేయి లేదు.

పీట మీద పరిచిన తెల్ల కర్చీఫ్ ఉంది. అంతే. రెండో ఫోటో నుంచి మామూలే, వినాయకుడు, పసుపు కుంకాలు, అరటి పిలకలు. చేయి కనబడుతుందని ఎంత గట్టిగా అనుకున్నానో అది లేకపోయేసరికి తెలిసింది. కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ప్రతి పెళ్ళికీ తీసుకుని, నాకు కావలసిన ఈ ఒక్కదాంట్లో మానేశారేం అనుకున్నాను. సరే, కర్చీఫ్ తెల్లదే కదా అని దాని రంగు సరిచేసి మిగతావాటికి అదే సవరింపు వేశాను. బాగానే కుదిరాయి. పెళ్ళికూతురి తల్లి అడిగిన రంగులతో పోల్చుకుందామని ఆకివీడు పెళ్ళి ఫైళ్ళు కూడా తెరిచాను.

అక్కడ చేయి ఉంది. తెర నిండా ఉంది. బొటనవేలి కింద ట్రైపాడ్ నొక్కుకున్న పాత మచ్చ, నా మాట వినకుండా పెట్టుకున్న రాగి ఉంగరం. దాన్ని తాకాలనిపించి తెర మీద వేలు పెట్టాను. అప్పుడు చూశాను, చేయి పచ్చగా ఉంది. పసుపు లైటు కింద తీశారనుకున్నాను. కంప్యూటర్లో రంగు మార్చడానికి ఒక గీత ఉంటుంది, ఒక కొస నీలం, ఒక కొస పసుపు. దాన్ని నీలం వైపు జరుపుతూ, చేయి నాకు తెలిసిన చేయి అయ్యేవరకూ జరిపాను. నా మొగుడి చేయి నాకు వచ్చేసింది. అదే సవరింపు పెళ్ళికూతురికి వేశాను.

పెళ్ళికూతురు నీలంగా మారింది. పంతులుగారి పంచె నీలం, మల్లెపూలు నీలం, పందిట్లో కట్టిన తెల్ల గుడ్డ నీలం. నీళ్ళలో పడి తేలిన మనుషుల్లా ఉన్నారు అందరూ.

సవరింపు తీసేశాను. ఆయన చేసిపెట్టినట్టుగానే వచ్చాయి మళ్ళీ. పెళ్ళికూతురు చక్కగా ఉంది, పంచె తెల్లగా ఉంది, మల్లెలు మల్లెల్లా ఉన్నాయి. అదే సవరింపుతో, ఆ వరసలో ఆయన చేయి ఒక్కటే పచ్చగా ఉంది. అక్కడ లైటు తప్పేం లేదు.

ఏ పెళ్ళికైనా మర్నాడే నాలుగైదు ఫోటోలు సరిచేసి పెళ్ళివారికి ఫోన్లో పంపడం ఆయన అలవాటు. అంటే ఆకివీడు పెళ్ళి మర్నాడు ఇదే కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే ముందు చేతి రంగు సరిచేసి ఉంటారు. ఆయనకీ పెళ్ళికూతురు నీలంగా మారే ఉంటుంది. అప్పుడు చేతిని వదిలేసి, పంచె తెలుపుని పట్టుకుని మిగతావన్నీ దిద్దుకున్నారు. అన్నీ దిద్ది చేతిని అలాగే వదిలేశారు. ఊదా దీపాల కింద కూడా అసలు రంగు పట్టగల మనిషి అది చూసి ఏమీ అనుకోలేదంటే నేను నమ్మను. పసుపనుకున్నారంటారా? పసుపే అయితే తర్వాతి పెళ్ళికి చేయి కడుక్కుని వెళ్ళేవారు. కర్చీఫ్ పట్టుకెళ్ళేవారు కాదు.

ఆ కర్చీఫ్ సంగతి నాకు బాగా గుర్తుంది. మండవల్లి వెళ్ళే రోజు పొద్దున్న బీరువా ముందు నిలబడి తెల్లది కావాలన్నారు. ఆయనవన్నీ గళ్ళవే, చెమట తుడుచుకోవడానికి మెత్తగా ఉంటాయని. తెల్లది ఇప్పుడెక్కణ్ణుంచి తెచ్చేదన్నాను. "రంగుది వద్దు. తెల్లది ఒక్కటి వెతికి పెట్టు" అన్నారు. పెళ్ళికొడుకు మీరా, అతనా అని ఏడిపిస్తూనే ట్రంకుపెట్టెలోంచి ఒకటి తీసి ఇస్త్రీ చేసి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. నా మొహం వంక చూశారు కూడా. నేను ఇస్త్రీపెట్టె తీగ చుడుతున్నాను.

తన చేతి రంగు మీద తనకి నమ్మకం పోయిందని ఆయనకి తెలుసు. ఎందుకు పోయిందో తెలుసు. జ్యేష్ఠమంతా తెలిసే తిరిగారు, తిన్నారు, పక్కన పడుకున్నారు. పెళ్ళిళ్ళు అయ్యాక చూపించుకుందాంలే అనుకున్నారా? చెబితే నేను గోల చేస్తాననుకున్నారా? చేసేదాన్నే. ఆ క్షణాన కర్చీఫ్ పారేసి బండి తాళాలు లాక్కుని ఏలూరు బయల్దేరదీసేదాన్ని. ఇంత పనిమంతుడికి ఆ ఒక్క పని రాలేదు, నోరు తెరిచి భార్యకి చెప్పడం. బతికుంటే చెంప పగలగొట్టేదాన్ని అని ఆ రోజు పైకే అన్నాను.

పని మాత్రం ఆపలేదు. మండవల్లి ఆల్బమ్ పూర్తిచేశాను. పెళ్ళికూతురి తల్లి స్వయంగా వచ్చి తీసుకెళ్ళింది, అచ్చం ఆయన చేసినట్టే ఉందని కళ్ళు తుడుచుకుంది. మొదటి పేజీలో వినాయకుడే ఉన్నాడు.

ఆ సాయంత్రం అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మళ్ళీ అదే మాట అడిగారు. వాడికి తెలియలేదా, నీకు తెలియలేదా. ఈసారి నా దగ్గర జవాబు ఉంది, రుజువుతో సహా ఉంది. కిందికి తీసుకెళ్ళి తెర మీద చూపిస్తే ఆవిడ ఇక నన్ను ఒక్క మాట అనలేరు. ఆవిడ చేతులు చూశాను. బొటనవేళ్ళు అచ్చం ఆయనవే, అదే వంపు. కొడుకు వైశాఖం నుంచే తెలిసి కూడా చెప్పకుండా తల్లి పోయించిన పసరు తాగాడని, పథ్యం అన్నం తిని బాగుందమ్మా అన్నాడని ఈ మనిషికి నేను చెప్పాలా?

"ఆయనకి తెలియదత్తయ్యగారూ" అన్నాను. "పెళ్ళిళ్ళ పసుపు అనుకున్నారు. పక్కనే ఉన్నాను కదండీ, నేనే చూసుకోవలసింది."

ఆవిడ, వాడికి తెలియదన్నమాట, పోనీలే, అని తనలో తనే అనుకుని చిక్కుడుకాయలు నా వైపు జరిపారు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ మాట అడగడం మానేశారు. నేను మాత్రం పొద్దున్న కంప్యూటర్ పెట్టగానే ఆ పచ్చటి చేతిని తెరిచి రోజూ అడుగుతూనే ఉన్నాను, నాకెందుకు చెప్పలేదండీ అని.