ఎడమకాలి బ్రేకు

గల్ఫ్‌లో, సలాలా పక్కన రైసూత్‌లో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. మా అర్బాబ్, అంటే మా యజమాని, తుప్పుపట్టిన డెబ్బైల నాటి అమెరికా కార్లు కొని బాగుచేయించి అమ్ముతాడు. కిందటేడు మాత్రం చనిపోయిన వాళ్ల నాన్న కారునే గ్యారేజీకి తెచ్చాడు. రిపేరయ్యాక నేను మొదటిసారి బయటికి తీస్తుంటే, వాళ్లమ్మ కూడా వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

కొండ దిగుతుండగా బ్రేకు పెడల్ ఒక్కసారిగా నేలకంటుకుపోయింది. ఎదురుగా రోడ్డు నిండా ఒంటెలు! కడపలో జీపు నడిపిన చెయ్యి కదా, అలవాటుకొద్దీ హ్యాండ్‌బ్రేకు కోసం సీటు పక్కన తడిమాను. ఏమీ తగల్లేదు. పక్కన అర్బాబ్ "యా అల్లా" అంటున్నాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"లెఫ్ట్ పైర్! దబావ్, దబావ్!" అని, ఎడమకాలితో తొక్కమని వెనకనుంచి పెద్దావిడ అరిచింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ కార్లకు హ్యాండ్‌బ్రేకు బదులు ఎడమకాలి దగ్గర చిన్న పెడల్ ఉంటుంది. బలమంతా పెట్టి తొక్కాను. పెడల్ కిర్రుమంది, బండి ఒంటెల ముందు ఆగింది.

పెద్దావిడ నవ్వుతూ, "మా ఆయన రోజూ ఇంటిముందు ఆపి ఇది తొక్కేవాడు. ఆ కిర్రు వినే నేను చాయ్ పెట్టేదాన్ని. ఇంకోసారి తొక్కు బేటా" అంది హిందీలో.

తర్వాత బ్రేకు పైపులన్నీ మార్చేశాను. ఆ కిర్రుకి మాత్రం గ్రీజు పెట్టలేదు.