రెండో కేకకీ మూడో కేకకీ మధ్య

పోయిన నెల ఒక పొద్దున ఎండుచేపలు తిరగేస్తుంటే ఫోను మోగింది. బరంపురం కోర్టు గేటు దగ్గర టీ అమ్మే ఆవిడ. నన్ను అక్కలా అప్పా అని పిలుస్తుంది గాని, ఎప్పుడూ ఫోను చెయ్యని మనిషి. అందుకే చేతిలో చేప కింద పెట్టి ఎత్తాను.

"అప్పా, కేకల బాబు ఎల్లిపోనాడు. తెల్లారగట్ల ఆస్పటల్లో. ఊపిరి అందనేదట," అంది.

కోర్టు గుమ్మంలో నిలబడి మా పేర్లు పిలిచే బంట్రోతు ఆయన. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. "మన వాయిదా ఇంకెన్నాళ్లుంది?" అని నా తోటికోడలిని అడిగాను. తొమ్మిది రోజులంది. ఆ తరవాతే ఏడ్చాను. ఒక మంచి మనిషి పోయాడంటే ముందు నా భయమే నాకు గుర్తొచ్చింది కదా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. తప్పులుంటే చదివేవాళ్లు దిద్దుకోండి.

మాది ఒడిశా సముద్రపొడ్డున సోనేపూర్. చాలా ఏళ్ల కిందట వలలు తెగిన తగువులో మా ఊరి వాళ్లకీ పక్క ఊరి వాళ్లకీ ఇసుకలో కొట్లాటైంది. ఒకడి తల పగిలింది. మగవాళ్లను ఇంటికి లాక్కొద్దామని నేనూ నా తోటికోడలూ పరుగెత్తాం. పోలీసులు వచ్చేసరికి మగవాళ్లందరూ పడవలెక్కి పోయారు. ఇసుక మీద మిగిలింది మేమిద్దరమే. మా పేర్లు రాసుకున్నారు. అలా ముద్దాయిలమయ్యాం. జామీను మీద బయట ఉన్నాం. ప్రతి వాయిదాకూ వెళ్లాలి. పిలిచినప్పుడు లేకపోతే వారెంటు వస్తుంది.

మొదటి వాయిదా నాడు ఆ వరండాలో గోడ పట్టుకుని నిలబడ్డాను. తెల్లచొక్కా మీద అడ్డంగా ఎర్రపట్టీ వేసుకున్న సన్నటి మనిషి వచ్చి, నా ముందు వంగి చూశాడు.

"ఏటప్పా, అలాగొణికిపోతన్నావు? చంపీసినావేటి ఎవులినైనా?"

"నేదు బాబూ! నాను ముట్టుకోనేదు ఎవుల్నీ!"

"మరైతే బయమేటి? నా కేక ఇనపడినంత దూరంలో కూకో. టీకెల్లు, నీల్లకెల్లు, కేక దాటి మాత్రం ఎల్లకు."

ఆ మాటే ఇన్నేళ్లూ నన్ను పట్టి ఉంచింది. కేక దాటి ఎప్పుడూ వెళ్లలేదు.

ఆయన గొంతు గేటవతల టీ బడ్డీ దాకా వినపడేది. ఒడియా వాళ్లను ఒడియాలో, మా వాళ్లను తెలుగులో పిలిచేవాడు. ఎవరినైనా మూడుసార్లు పిలవాలి. మూడోసారికి పలక్కపోతే లోపల జడ్జిగారు లేనట్టు రాసేస్తారు. మొదటి కేకా రెండో కేకా వెంటవెంటనే వేసేవాడు. మూడోదాని దగ్గర మాత్రం ఆయన పద్ధతి వేరు. పట్టీ సవరించుకునేవాడు, దగ్గేవాడు, మెట్ల మీద నుంచి గేటు వైపు చూసేవాడు, మళ్లీ దగ్గేవాడు. ఎవరో ఒకరు చెంగు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చేవారు. అప్పుడు తాపీగా, వాళ్ల మొహం చూసుకుంటూ, మూడో కేక వేసేవాడు.

ఒకసారి నేను ఆడవాళ్ల మరుగుదొడ్డిలో ఉండగా రెండు కేకలు అయిపోయాయి. ఆయన దగ్గుతూనే ఉన్నాడట. లోపల్నించి జడ్జిగారు, మూడోసారి పిలిచావా లేదా అని గద్దిస్తే, గొంతు పట్టేసింది హుజూర్ అన్నాడట. నేను తడి చేతులతో వచ్చి పడ్డాను. బయటికొచ్చాక నా తోటికోడలు ఆయన్ని ఆటపట్టించింది.

"బాబూ, నీ దగ్గుకి మందేసుకోవేటి?"

"మందేసుకుంటే తగ్గిపోద్ది గదా అమ్మా. అప్పుడు మీ అప్ప జైల్లో ఉంటాది," అన్నాడు.

అలా నవ్వుకున్న కొన్నాళ్లకే కోర్టుకు కొత్త కంప్యూటరు పద్ధతి వచ్చింది. కేసులన్నీ అందులోకి ఎక్కించారు. నేను దేవుడి పేరులా నేర్చుకున్న మా పాత నంబరు పోయి, చెయ్యంత పొడుగు నంబరు వచ్చింది. వరండా గోడకి తెర పెట్టారు. లోపల ఏ కేసు నడుస్తుంటే ఆ నంబరు తెర మీద వెలుగుతుందట, ఇక ఎవరూ పిలవక్కర్లేదట. ఆ పొడుగు చూసి నేను గాభరా పడితే ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"మొదులంతా అందరిదీ ఒకటేనప్పా. సేపకి తల సూత్తావు కదా, దీనికి తోక సూడు. ఏడూ... సున్నా... మూడూ... ఒకటీ." కేక వేసినట్టే సాగదీసి చెప్పాడు. నాలుగంకెలూ అలాగే నా చెవిలో ఉండిపోయాయి.

తెర మొదటి నుంచీ నాకు మంచిగా అనిపించలేదు. కేక అయితే గాలిలో వస్తుంది, కళ్లు మూసుకున్నా చేరుతుంది. తెర అలా కాదు, రెప్ప వేస్తే మారిపోతుంది. ఒక వాయిదాకి మా కేసు కంప్యూటర్లో కనపడనే లేదు. మా వకీలు బాబు మెట్లు ఎక్కీ దిగీ మధ్యాహ్నానికి పై అంతస్తులో ఇంకో కోర్టు జాబితాలో పట్టుకున్నాడు. ఇంకోసారి తెర ఒకే నంబరు దగ్గర ఆగిపోయింది. లోపల మాత్రం కేసులు సాగిపోతున్నాయి. ఆ రోజు ఆయన గుమ్మంలోకి వచ్చి పిలవబట్టి బతికాం.

ఆ తరవాతి వాయిదాకి ఆయన లేడు. ఊపిరితిత్తులకు ఫోటో తీయించుకోవడానికి సెలవు పెట్టాడు. నేనెరిగి ఆయన సెలవు పెట్టింది ఆ ఒక్కరోజే. మేం పొద్దుటి నుంచీ తెర కిందే కూర్చున్నాం. బువ్వ మూట కూడా విప్పలేదు. తెర మళ్లీ ఆగిపోయిందని మాకు తెలియదు, లోపల పెద్ద కేసేదో నడుస్తోందనుకున్నాం. సాయంత్రం వకీలు బాబు పక్క కోర్టు నుంచి వచ్చి తల పట్టుకున్నాడు. "ఎక్కడికి పోనారు మీరు? లేరని పడిపోనాది!"

"ఈడే ఉన్నాం బాబూ! కదల్నేదు!"

ఉన్నామని చెప్పడానికి మాకు సాక్షి ఎవరు? ఆ తెర ఒక్కటే.

వారం తిరక్కుండా పోలీసులొచ్చారు. వాకిట్లో చేపలకు ఉప్పు పడుతున్నాను. ఆ ఉప్పు చేతులతోనే జీపెక్కాను. నా తోటికోడల్నీ ఎక్కించారు. కోర్టులో బోను దగ్గర మమ్మల్ని చూసి కేకల బాబు మొహం నల్లబడిపోయింది. బంట్రోతు జడ్జిగారి ముందు నోరు విప్పకూడదు. అయినా ఆయన విప్పాడు. ఈ ఇద్దరూ ఇన్నేళ్లలో ఒక్క కేక తప్పలేదు హుజూర్ అని ఒడియాలో చెప్పాడు. జడ్జిగారు ఈసారికి వదిలేశారు. ఇంకోసారి ఇలాగైతే జామీను రద్దని రాయించారు.

బయటికొస్తూ, కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయిని బతిమాలాను, ఆ లేరన్న మాట తీసెయ్యమ్మా అని. పాపం ఆ పిల్ల మంచిదే, నన్ను మాఉసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. "మాఉసీ, ఒకసారి పడితే నా చేత కాదు. అలా ఉండిపోతుంది," అని ఒడియాలో చెప్పింది.

అలా ఉండిపోయింది. మచ్చలాగా. అప్పటి నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు. వాయిదాకి ఒక బస్సు ముందుగానే బయల్దేరేవాళ్లం. ఆ బస్సు టైరు పేలితేనో అని దానికంటే ముందుది కూడా చూసేవాళ్లం.

ఆ రోజు తరవాత కేకల బాబు పిలవడం మానలేదు. పైవాళ్లు వద్దన్నారు, వరండాలో గోల అన్నారు. తెర పిలవనీ, నేనూ పిలుస్తాను అని ఊరుకున్నాడు. పొద్దున్నే ఆ కంప్యూటరు పిల్ల చేత ఆనాటి పేర్లన్నీ చదివించుకుని మనసులో పెట్టుకునేవాడు. రానురాను ఆయన కేక పోయి మాటైంది, మాట పోయి గుసగుసైంది. రొమ్ము లోపల ఏదో గరగరమనేది. చివరి వాయిదాకైతే గొంతే లేదు. మేం కూర్చున్న బల్ల మీద వేలితో కొట్టి, "అప్పా, నీదే," అన్నాడు. అదే నన్ను ఆయన పిలిచిన ఆఖరు పిలుపు.

వెళ్లొస్తామని చెప్పినప్పుడు నన్ను ఆపాడు. "నాను నేకపోతే తెర కాడ కూకోకు. తెర తప్పుతాది, తలుపు తప్పదు. తలుపు కాడ కూకో."

"నువ్వెక్కడికెల్తావు బాబూ?" అన్నాను. నవ్వి దగ్గాడు. ఆ దగ్గు ఎవరి కోసమూ వేసింది కాదు.

ఆయన పోయిన తొమ్మిదో రోజున వాయిదాకి వెళ్లాం. తలుపు మూసి ఉంది. కంప్యూటర్లు వేడెక్కుతున్నాయని లోపల ఏసీ పెట్టారట. గుమ్మం పక్క ఆయన ఇనప స్టూలు అలాగే ఉంది. ఎవరూ దాని మీద కూర్చోలేదు. నా తోటికోడల్ని తెర దగ్గర పెట్టి నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

పదకొండైంది, పన్నెండైంది. "అప్పా, కదలట్నేదే ఇది!" అని అక్కణ్ణుంచి కేకేసింది. తెర ఆగిపోయింది. తలుపు సందులోంచి చల్లగాలి తప్ప మాట రావడం లేదు. వకీలు బాబు లోపలున్నాడో పక్క కోర్టులో ఉన్నాడో తెలియదు. తలుపు దగ్గర కాపలా మనిషి కూడా లోపలికి పోయాడు. నాకు ఆ జీపు గుర్తొచ్చింది.

అప్పుడు నా పేరు నేనే పిలిచాను. సంతలో చేపలమ్మిన గొంతు నాది, వరండా అంతా తిరిగి చూసింది. రెండోసారీ పిలిచాను. మూడోసారికి నోరు రాలేదు. మూడోది అయిపోతే ఇక నేను లేనట్టే కదా. ఏం చెయ్యాలో తెలియక దగ్గాను. చెంగు సవరించుకుని మళ్లీ దగ్గాను.

తలుపు తెరుచుకుంది. ఎవరది గోల అంటూ కాపలా మనిషి బయటికొచ్చాడు. ఆ వెనక నుంచి కంప్యూటరు పిల్ల గొంతు వినపడింది. "రానివ్వండి, రానివ్వండి! ఇప్పుడు నడుస్తున్నది వాళ్లదే!"

ఇద్దరం లోపలికి పరుగెత్తి చేతులెత్తాం. "ఉన్నాం బాబూ" అన్నాను. "పడిందా అమ్మా?" అని ఆ పిల్లని మూడుసార్లు అడిగాను. పడింది మాఉసీ, పడింది అంది. కొత్త వాయిదా ఇచ్చారు.

బయటికొచ్చి ఆయన స్టూలుకి దండం పెట్టుకుని మెట్లు దిగుతుంటే నా తోటికోడలు నా మోచెయ్యి పట్టుకుంది. వెనక్కి చూశాను. తెర కదిలింది. ఏడు, సున్నా, మూడు, ఒకటి. మేం వచ్చి వెళ్లిపోయాక ఇప్పుడు మమ్మల్ని పిలుస్తోంది. వరండాలో ఎవరూ దానివైపు చూడటం లేదు. ఆ అంకెల ఎరుపు అటు గుమ్మం పక్క ఖాళీ స్టూలు దాకా పడుతోంది. మెట్ల మీద నిలబడి "ఉన్నాను" అన్నాను. నంబరు అలాగే వెలుగుతూ ఉంది.